బ్రేక్‌డౌన్ తాత కూర్చున్న చాప

మొన్న మొయినాబాద్‌లో మా పక్కింటావిడ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, కూతురి మీద కోపమంతా నా ముందు వెళ్లగక్కింది. ఆ పిల్ల బ్యాంకు పరీక్షల కోచింగు మానేసి, అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో జరిగే పెళ్లిళ్లకు ఫొటోలు తీసే పనిలో చేరిందట. జీతం బాగానే ఉందట గాని వేళాపాళా లేదట.

"ఏం జెప్పాలె టీచరమ్మా, మా పోరి మొత్తానికే పట్టాలు తప్పింది," అంది.

"పట్టా సక్కగున్నదా లేదా సూసినవా ముందుగాల?" అన్నాను.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, మామూలుగా అలా మాట్లాడను. ఆ మాట నాది కాదు. పదహారేళ్ల వయసులో విన్నది. అన్న మనిషి మట్టిలో కలిసి యాభై ఏళ్లు దాటింది. ఆయన గొంతు మాత్రం నా నోట్లో ఉండిపోయినట్టుంది, పొగరుతో సహా. పొగరు అనే అంటాను. ఆయన గురించి మెత్తని మాటలు వెతికి రాస్తే ఆయనకే గిట్టదు.

మా ఊరు చిన్న మంగళారం దాటాక ఇంకా లోపలికి ఉంటుంది. ఊరికి రైలు లేదు. రైలు చూడాలంటే శంకర్‌పల్లి దాకా పోవాలి. అలాంటి ఊళ్లో ఆయన్ని అందరూ బ్రేక్‌డౌన్ తాత అనేవారు. చిన్నప్పుడే ఊరొదిలి రైల్వేలో చేరి, తల నెరిశాక తిరిగొచ్చాడు. ఎక్కడైనా బండి పట్టాల మీంచి పడితే జాకీలూ గొలుసులూ చెక్క దిమ్మెలూ వేసుకుని వెళ్లి, దాన్ని మళ్లీ పట్టాల మీదికి ఎక్కించే గ్యాంగు ఒకటుంటుంది. దాన్ని బ్రేక్‌డౌన్ గ్యాంగు అంటారు. ఆయన ఉద్యోగమంతా అందులోనే చేశాడు. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

ఆయన నిలబడే తినేవాడు. సైరన్ కూయగానే కంచంలో చెయ్యి కడుక్కుని పరిగెత్తిన అలవాటు అది. సైరన్ లేని ఊరికి వచ్చాక కూడా గోడకు ఆనుకుని, కంచం అరచేతిలో పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు తినేవాడు. "ఇగ నిన్నెవ్వలు పిలుస్తలేరు, కూసో," అని ఆయన భార్య రోజూ అనేది. ఆమెను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆయన రోజూ వినేవాడు కాదు.

చొక్కా జేబులో ఎప్పుడూ చెక్క చీలికలు ఉండేవి. ఎక్కడ ఏది కుదురుగా లేకపోయినా దాని కింద ఒక చీలిక దూర్చేవాడు. మంచం కోడు, నీళ్ల కుండ, విసుర్రాయి, ఏదైనా సరే. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఉండగా, వంగి వంగి వెళ్లి ఆయన ముందున్న బల్ల కాలి కింద చీలిక పెట్టి వచ్చాడు. బల్ల ఊగడం ఆగింది. ప్రసంగం కూడా అక్కడే ఆగింది, ఎందుకంటే పాస్టరుగారు ఎక్కడిదాకా చెప్పారో మర్చిపోయారు.

గొప్పలకు లోటు లేదు. ఆయన చెప్పే ప్రమాదాలు చెప్పినకొద్దీ పెరిగేవి. ఎండాకాలంలో ఒక డబ్బా పడిపోయిన కథ క్రిస్మస్ నాటికి గూడ్సు బండి మొత్తం వాగులో పడ్డ కథయ్యేది. సగం చెవుడు. గుడిలో పాట అందరూ ముగించాక ఆఖరి చరణం ఆయనొక్కడే తీరుబడిగా పాడి, మిగతావాళ్లు తొందరపడ్డారన్నట్టు చుట్టూ చూసేవాడు.

అయితే ఒక్కచోట ఆయన్ని చూసి నవ్వడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు. ఏదైనా పడిపోయినప్పుడు.

ఈసీ వాగు దగ్గర ఒకసారి టమాటాల బండి బోల్తా పడింది. పట్నం మార్కెట్టుకు పోయే బండి. ఒక ఎద్దు కాడి కింద ఇరుక్కుని గింజుకుంటోంది. చుట్టూ ఊరి మనుషులు చేరి, తోలేవాడు తాగాడా, బరువు ఎక్కువేశారా, దారి మీద రాయి ఎవరు వదిలారు అని గొంతులు చించుకుంటున్నారు. ఈయన వచ్చాడు. చెయ్యి పైకెత్తాడు.

"ఎవ్వలు మాట్లాడొద్దు. ముందుగాల ఎత్తుదాం. తప్పెవనిదో ఎత్తినంక అడుగుదాం."

ఎత్తడంలో ఆయనకొక పద్ధతి ఉంది. ఒక్కసారిగా బలం పెట్టి లేపడానికి ఒప్పుకునేవాడు కాదు. జానెడు లేపించి, కింద రాయో మొద్దో పెట్టించేవాడు. మళ్లీ జానెడు, మళ్లీ మొద్దు. "లేసిన కాడికి జారనియ్యొద్దు, గంతే," అనేవాడు. మగవాళ్లంతా ఆ వేళ ఆయన నోటిమాటకు కట్టుబడి పనిచేశారు. ఎద్దు లేచింది. టమాటాలు సగం దక్కాయి. ఆ తర్వాత ఆయన విచారణ మొదలుపెట్టాడు. ఎత్తినంక అడుగుదాం అంటే అడగడని కాదు. బండి తోలినవాణ్ని, బరువేసినవాణ్ని, చివరికి రెండో ఎద్దును కూడా పొద్దెక్కేదాకా తిట్టాడు.

అరవై తొమ్మిదిలో నేను చేవెళ్ల హైస్కూల్లో మెట్రిక్ చదువుతున్నాను. మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. బళ్లు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువగా ఉండేవి. మా పెద్దనాన్న కొడుకు టీచరు ఉద్యోగానికి తిరిగి తిరిగి విసిగి, చివరికి పట్నంలో మోత పనికి పోయాడు. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకు రావడంలేదని చెప్పడానికి నాకు ఇంకొకరి ఉపన్యాసం అక్కర్లేదు. జై తెలంగాణ అంటూ ఊరేగింపు హాస్టలు ముందు నుంచి పోతుంటే, నేనూ ఇంకొందరు పిల్లలమూ వార్డెనమ్మ చూడకుండా గేటు దాటాం. లారీ ఎక్కాం. శంకర్‌పల్లి అవతల పట్టాల మీద కూర్చున్నాం. పట్టా కాలుతోంది. రైలు వచ్చింది, కూత పెట్టింది, ఆగింది. అంత పెద్ద బండి మా ముందు ఆగిన క్షణం నాకు ఈరోజుకీ గర్వంగానే ఉంటుంది.

పోలీసులు మమ్మల్ని ఠాణాకు తీసుకుపోయి కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి తండ్రికీ కబురు పెట్టారు. బాపు వచ్చాడు. నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. హాస్టల్లో నా పేరు కొట్టేశారు.

మర్నాడు పొద్దున బ్రేక్‌డౌన్ తాత మా ఇంటికి వచ్చాడు. రైల్వే మనిషి కదా, నన్ను నాలుగు తిట్టడానికే వచ్చాడని బాపు ముఖం కాస్త తేటపడింది. నిజంగానే తిట్టాడు.

"యాడ కూసున్నవ్?" అన్నాడు.

"పట్టాల మీద, తాతా."

"గది తెలుసు. స్టేషను కాడనా, అవుతలనా?"

"అవుతల. వంపు కాడ."

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "వంపు కాడ కూసుంటరానే? వంపు తిరిగేదాంక డ్రైవరుకు మీరెట్ల కనవడ్తరు? ఎడ్లబండి అనుకున్నవా, పగ్గం గుంజంగనే నిలవడెతందుకు?"

"ఆగింది గద తాతా."

"ఆ డ్రైవరు సూసుకుంట ఒచ్చిండు గావట్టి ఆగింది. నీ తెలివికి గాదు. అసల్కి రైలును ఆపుడే తప్పు. అండ్ల దవాఖానకు పొయ్యేటోల్లు ఉంటరు, సావుకు పొయ్యేటోల్లు ఉంటరు. వాల్లేం జేసిన్రు నీకు?"

"మా నౌకరీలు మాకియ్యిమని అడిగితె ఎవ్వలన్న ఇన్నరా తాతా? రైలు ఆగితెనే ఇన్నరు," అన్నాను.

ఆయనకు ఇంకా కోపమొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం అరుచుకున్నాం. మధ్యలో బాపు అందుకున్నాడు. "సూసినవా పెద్దయ్యా, ఎట్ల ఎదురు మాట్లాడ్తున్నదో. పోరి పట్టాలు తప్పింది. ఇగ సదువు బంద్. ఎండకాలం లోపల ఎవనికన్న ఇచ్చి చేస్త."

తాత తిట్టడం ఆపాడు. బాపు వైపు తిరిగాడు.

"నువ్వేం పని జేస్తవ్రా?"

"ఎవుసం. నీకు తెల్వదా?"

"మరి నీ పని మాట అను. బావి పూడింది అను. ఎద్దు బెదిరింది అను. నా పని మాట నీకెందుకు?"

"మాటవరసకన్న పెద్దయ్యా."

"మా గ్యాంగుల గూడ గా మాట అంటుండె. బండి పట్టా దిగింది అంటె, బువ్వ ఇడిసిపెట్టి అందరం ఉరుకాలె అని దాని అర్థం. నీ నోట్ల అదే మాటకు పోరిని ఇడిసిపెట్టాలె అని అర్థమొస్తున్నది. ఎట్లొచ్చింది గట్ల? బండి ఊకెనే దిగుతదా? పట్టా సక్కగున్నదా లేదా సూసినవా?"

బాపు మూర్ఖుడు కాదు, భయపడ్డాడు. సంఘంలో పెద్ద. ఆదివారం గుడిలో వాక్యం చదివేది ఆయనే. "నేనూకున్నా సంఘం ఊకోదు పెద్దయ్యా," అన్నాడు చివరికి.

సంఘం ఊరుకోలేదు. మా గుడిలో అప్పట్లో ఒక ఆచారం ఉండేది. తాగి కొట్లాడినవాళ్లు, పెళ్లి కాకుండా కలిసి ఉన్నవాళ్లు, సంఘానికి తలవంపులు తెచ్చినవాళ్లు అందరికంటే వెనక, తలుపు దగ్గర అడ్డంగా పరిచిన చాప మీద కూర్చోవాలి. ముందు చాపల్లో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. వెనక చాపకు ఆ తేడా లేదు. అక్కడివాళ్లకు ప్రభు సంస్కారం ఇవ్వరు. రొట్టె, ద్రాక్షరసం ముందు చాపల దగ్గరే ఆగిపోతాయి. ఏదో ఒకనాడు లేచి అందరి ముందూ "నాది తప్పయింది" అని చెబితే మళ్లీ లోపలికి రానిస్తారు.

నన్ను ఆ చాప మీద కూర్చోమన్నారు. పట్టాల మీద కూర్చున్నందుకు కాదట, మగపిల్లలతో లారీ ఎక్కి ఠాణాలో కూర్చుని వచ్చినందుకట. తప్పయిందని చెబితే హాస్టలు వాళ్లకు మంచి పిల్ల అని తానే చెబుతానని పాస్టరుగారు బాపుతో అన్నారు. ఆయన మాట లేకుండా హాస్టల్లో చేర్చుకోరు. హాస్టలు లేకుండా చేవెళ్లకు ఎవరు పంపుతారు? చదువు పోతే మిగిలేది ఎండాకాలం పెళ్లి. అంటే ఆ ఒక్క మాట మీద నా బతుకంతా ఆగి ఉంది. చెప్పేస్తే అయిపోతుందని మా అమ్మ నా గడ్డం పట్టుకుని బతిమాలింది. నాకు ఆ మాట నోట రాలేదు. రాకపోవడం కాదు, రానివ్వలేదు.

మొదటి ఆదివారం నేనొక్కదాన్నే వెనక చాప మీద కూర్చున్నాను. ముందు కూర్చున్న వీపులన్నీ నన్ను చూస్తున్నట్టే ఉంది. మొదటి పాట అవుతుండగా బ్రేక్‌డౌన్ తాత వచ్చాడు. ఎప్పటిలాగే ఆలస్యం. ముందుకు వెళ్లబోయి ఆగాడు. నా వైపు చూశాడు. చెప్పులు విడిచి, చాప ఇంకో చివర కూలబడ్డాడు. నన్ను పలకరించలేదు. నేను వంపు దగ్గర కూర్చున్నందుకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

ఆ రోజు ఏదో పొరపాటున కూర్చున్నాడనుకున్నారు. రెండో ఆదివారం కూడా అక్కడే కూర్చునేసరికి ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. శిక్ష లేకుండా ఎవరూ వెనక చాప మీద కూర్చోరు. కాబట్టి ఈయన ఏదో చేసే ఉంటాడు. ఏం చేశాడు? కల్లు కాంపౌండు దగ్గర కనిపించాడని ఒకరు, రైల్వే వాళ్లుండే లాలాగూడలో ఇంకో సంసారం ఉందని ఒకరు. రైల్వే ఇనుము అమ్ముకున్నాడన్నవాళ్లు కూడా ఉన్నారు. పాపం పాస్టరుగారికి కూడా అనుమానమొచ్చి, గుడి అయ్యాక పక్కకు పిలిచారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"మీ మీద ఏ శిక్షా లేదు కదా. మరి మీ మనసులో ఏదైనా తప్పు బాధపెడుతుంటే నాతో చెప్పండి," అన్నారు.

"శానా ఉన్నయి అయ్యగారు. మీకు ఏది నచ్చితె గది అనుకోన్రి," అన్నాడు తాత, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

మూడో ఆదివారం అవ్వ వచ్చి మా మధ్య కూర్చుంది. ఆమెది ధర్మపోరాటం ఏమీ కాదు. "గీ ముసలోడు ప్రసంగంల గురక పెడ్తడు బిడ్డా. గిల్లెతందుకు ఎవ్వలన్న పక్కకుండాలె," అంది. అవ్వ దగ్గర తమలపాకుల సంచి ఉంటుంది. గుడి కాగానే ఆకూ వక్కా అందుకునే ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు, అంత దూరం నడవడమెందుకని వెనక చాప అంచుకు జరిగారు. పాస్టరుగారు వాళ్లను చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

తర్వాత సంస్కారపు ఆదివారం వచ్చింది. హాస్టలు తెరిచే రోజు దగ్గర పడింది. పాస్టరుగారు చెడ్డవారు కాదు. ఆయనను అడిగేవాళ్లు ఆయన పైన ఉన్నారు. నా పేరు పిలిచి, ఎంతో మెల్లగా, "చెప్పమ్మా, ఒక్క మాట. అంతా మరిచిపోదాం," అన్నారు.

నేను లేచాను.

"వార్డెనమ్మకు చెప్పకుండ గేటు దాటిన. అది తప్పే. తప్పయింది," అన్నాను. గుడి అంతా ఊపిరి పీల్చుకుంది. బాపు తల ఎత్తాడు. "పట్టాల మీద కూసున్నది మాత్రం తప్పు గాదు. గది నేను అనను."

"అది తప్పే," అని నా పక్క నుంచి గట్టిగా వినిపించింది.

తాత. చెవుడు మనిషి, మెల్లగా మాట్లాడడం రాదు. పాస్టరుగారి ముఖం విప్పారింది. "చూశావా అమ్మా? నీ పక్కన కూర్చున్న పెద్దమనిషే అంటున్నారు."

"అంటున్న. రైలును ఆపుడు ఎప్పటికైన తప్పే. నేను ఒప్పుకోను," అన్నాడు తాత కూర్చునే.

"మరి ఆమెది తప్పని తెలిసి ఆమెతో ఎందుకు కూర్చున్నారు? అందరూ మీరు ఆమెను సమర్థిస్తున్నారనుకుంటున్నారు."

"ఆమె పక్కకు కూసుంటె ఆమె మాట ఒప్పుకున్నట్టా అయ్యగారు? నేను ఒప్పుకోను, ఆమె ఇనది. ఇద్దరం దినాం కొట్లాడ్తనే ఉన్నం. ఐనా పోరి ఈడ ఒక్కతే కూసునుడు నాకు సూడబుద్ధి అయితలేదు. మీరు ఎన్ని నెలలు కూసోవెడ్తె గన్ని నెలలు కూసుంట."

పాస్టరుగారు దానికీ జవాబు చెప్పారు. క్రమం లేకపోతే సంఘం నిలవదనీ, తప్పు చేసినవాళ్లకు సిగ్గు తెలియాలనీ, ఈ ఆచారం మనుషుల్ని తోసెయ్యడానికి కాదు, వెనక్కి రప్పించడానికనీ. ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. తాత చెవికి చెయ్యి ఆనించి అంతా విన్నాడు. చాప మీంచి మాత్రం లేవలేదు. రొట్టె పళ్లెం ముందు చాపల దగ్గర తిరిగి వెనక్కి వెళ్లిపోయింది. తాత తన కోసం కూడా చెయ్యి చాపలేదు.

హాస్టలు వాళ్లు నన్ను చేర్చుకోలేదు. ఆ సోమవారం పొద్దున నేను వంటింట్లో ముఖం ముడుచుకుని కూర్చుని ఉంటే, వాకిట్లో తాత గొంతు. సద్ది గిన్నె గుడ్డలో కట్టుకుని వచ్చాడు.

"పోరిని దినాం నేను తోల్కపోయి తోల్కొస్త. నీకేమన్న ఫికరా?" అన్నాడు బాపుతో.

బాపు సందేహించాడు. "ఎన్ని దినాలని తిరుగుతవ్ పెద్దయ్యా?"

"గీ నెల సూద్దాం. తర్వాత సంగతి తర్వాత."

అది ఆయన జానెడు. నెల అయ్యాక మూడు నెలల పరీక్షల దాకా అన్నాడు. అవి అయ్యాక, ఇంత చదివింది, పెద్ద పరీక్ష కూడా కానియ్యి అన్నాడు. బాపు ప్రతిసారీ కొంచెమే ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నదాన్ని ఆయన మళ్లీ జారనివ్వలేదు. రోజూ రోడ్డు దాకా నడిచి చేవెళ్ల బస్సెక్కేవాళ్లం. దారి పొడుగునా తెలంగాణ గురించి కొట్లాడుకునేవాళ్లం. నేను క్లాసులో ఉంటే ఆయన బడి గోడ నీడలో కూర్చునేవాడు. ఊరికే కూర్చోలేక లోపలికి వచ్చి ఊగే బెంచీలన్నిటికీ చీలికలు పెట్టేవాడు. హెడ్మాస్టరు గారు మొదట్లో విసుక్కున్నా, తర్వాత తన కుర్చీ కూడా చూపించారు. నేను పాసయ్యాను. టీచరు ట్రైనింగులో చేరాను. పెళ్లి మాట మా ఇంట్లో వెనకబడింది.

చాప మాత్రం అలాగే ఉంది. ప్రతి సంస్కారపు ఆదివారం పాస్టరుగారు అడిగేవారు. నేను అదే చెప్పేదాన్ని. తాత కూర్చున్నచోటి నుంచే "రైలును ఆపుడు తప్పే" అని అదే చెప్పేవాడు. సంఘానికి ఇది అలవాటైపోయి, మా ముగ్గురి మాటలూ అయ్యేదాకా పిల్లలు కూడా కదలకుండా కూర్చునేవారు. ఉద్యమం చల్లారిపోయింది. మేం అడిగినవాటిలో చాలా వరకు దొరకలేదు. నా పంతం చల్లారలేదు. ఆ చాప మీంచి లేవవు, నీకెందుకింత మొండితనం తాతా అని ఒకరోజు బస్సులో అడిగితే, "మొండితనం నీది. నాది అలవాటు," అన్నాడు.

రెండేళ్లకు, వానాకాలంలో జ్వరమొచ్చి నాలుగైదు రోజుల్లో పోయాడు. నాకు కబురు అంది ట్రైనింగు నుంచి వచ్చేసరికి పెట్టె మూసేశారు. నాకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. బాపు మీద, పాస్టరుగారి మీద, ఇంత తొందరగా పోయినందుకు ఆయన మీద కూడా కోపమొచ్చింది.

సమాధుల దొడ్డి దగ్గర చిక్కొచ్చింది. శిక్షలో ఉండి పోయినవాళ్లకు మా సంఘంలో ప్రార్థన చెయ్యరు. పాస్టరుగారు పుస్తకం చేతిలో పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డారు. "ఇన్నాళ్లు సంస్కారం తీసుకోలేదు. వెనకే కూర్చున్నారు. ఆయన తరఫున ఎవరైనా ఒప్పుకోలు చెబితే బాగుంటుంది," అన్నారు.

అవ్వ కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఆయనకు శిక్ష ఎవ్వలేసిన్రు అయ్యగారు?"

పాస్టరుగారు ఆలోచించారు. సంఘం పెద్దల వైపు చూశారు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ వెయ్యలేదు. రెండేళ్లుగా ఆయన శిక్షలో ఉన్నాడని ఊరంతా నమ్మింది గాని, అలా ఎవరూ ఏనాడూ తీర్మానించలేదు.

"ఆయనే పోయి కూసున్నడు. ఇగ ఏం ఒప్పుకోవాలె?" అంది అవ్వ.

పాస్టరుగారు తల ఊపి ప్రార్థన మొదలుపెట్టారు. నేను అదంతా గోడ అవతలి నుంచి చూస్తున్నాను. శిక్షలో ఉన్నవాళ్లు దొడ్డి లోపలికి రాకూడదు. తాత మీద లేని శిక్ష నా మీద నిజంగానే ఉంది. గోడ నా నడుము ఎత్తు కూడా లేదు. ఎప్పుడూ దాటగలిగినదే. కానీ దొంగతనంగా దాటడం నాకు ఇష్టం లేదు. వాళ్లు పిలవాలి, నేను తప్పయిందనకుండా పిలవాలి. రెండేళ్లుగా నేను కోరింది అదొక్కటే.

కీర్తన చదవాల్సిన సమయం వచ్చింది. చదివేది బాపే. కళ్లద్దాలు పెట్టుకుని బైబిలు తెరిచాడు. పెట్టె వైపు చూశాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. బైబిలు మూయకుండా, వేలు పేజీలో పెట్టుకుని, మనుషుల మధ్య నుంచి తోవ చేసుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. పుస్తకం నా చేతుల్లో పెట్టాడు.

"సదువు బిడ్డా."

"ఆ అమ్మాయి ఇంకా తప్పు ఒప్పుకోలేదు," అన్నారు పాస్టరుగారు వెనక నుంచి. కోపంగా అనలేదు. గుర్తుచేసినట్టు అన్నారు.

బాపు ఆయన వైపు తిరగలేదు. నన్నే చూస్తూ అన్నాడు.

"ఒప్పుకోదు అయ్యగారు. నా బిడ్డ గది."

పాస్టరుగారు కాస్త పక్కకు జరిగారు. బాపు చెయ్యి అందించాడు. నేను గోడ దాటి లోపలికి వచ్చి, తవ్వి పోసిన మట్టి పక్కన నిలబడి, ఊరంతా వినేట్టు చదివాను.